డిజైన్ విద్యార్థి – ల్యాప్‌టాప్ ఎన్నిక

పనిని బట్టి పనిముట్టు అన్నది పెద్దల అనుభవసారం. ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితో వ్రాసిన రోజులలో వారు మొదట చేసే పని రెల్లు కలం మొనను చెక్కుకోవడం. నస్తాలీఖ్ లిపిలో అక్షర ప్రమాణాన్ని ఆ మొన వేసే చుక్కలతోనే లెక్కిస్తారు. కనుక శీర్షికకు వెడల్పు మొన, వార్తకు సన్నని మొన అవసరమయ్యేవి. 1981లో నూరీ నస్తాలీఖ్ ఆ లిపిని అచ్చుయంత్రానికి ఎక్కించింది. 1994లో ఇన్‌పేజ్ దానిని సామాన్య కంప్యూటరుకు తెచ్చింది. కలం మారినది గాని, కలాన్ని ఎన్నుకునే వివేకం అవసరం మారలేదు.

ఈ విషయంలో మా పొరపాటును ముందుగా చెప్పుకొనుట ధర్మం. మా శిష్యుడొకడు గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరినాడు. తండ్రి దర్జీ పని చేస్తూ, నెలవారీ వాయిదాలపై ల్యాప్‌టాప్ కొనదలచి మా సలహా కోరినారు. ప్రాసెసరు పేరొక్కటే చూచి "బాగున్నది, తీసుకొనండి" అన్నాము. ఆ విద్యార్థి తన అక్క వివాహపత్రికను ఉర్దూ, తెలుగు భాషలలో రూపొందించినాడు. తన తెరపై ఆకుపచ్చ వెలవెలబోతున్నదని రంగును పెంచుతూ పోయినాడు. ముద్రణాలయంలోని మంచి తెరపై అదే రంగు కళ్ళకు గుచ్చుకున్నది. తప్పు అతని కంటిది కాదు, తెరది. ఆ తెరను పరీక్షించమని చెప్పని మాది.

కావున మొదట పరిశీలించవలసినది తెర. చౌక రకాల వివరపత్రంలో '45 శాతం ఎన్.టి.ఎస్.సి.' అని ఉంటుంది. అనగా సాధారణ ప్రమాణమైన ఎస్.ఆర్.జి.బి. రంగులలో సుమారు 60 నుండి 65 శాతం మాత్రమే ఆ తెర చూపగలదు. డిజైన్ విద్యార్థికి దాదాపు 100 శాతం ఎస్.ఆర్.జి.బి. చూపు తెర కావలెను. పక్కనుండి చూచినా రంగు మారని ఐ.పి.ఎస్. లేదా ఓ.ఎల్.ఇ.డి. రకం మేలు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు తెరలు అమ్ముతారు. పేరును గాక వివరపత్రాన్ని చదువవలెను.

రెండవది మెమరీ. ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్, బ్రౌజరు ఒకేసారి తెరిచినచో 8 జీబీ చాలదు. 16 జీబీ ఉండుట అవసరం. పలు ల్యాప్‌టాప్‌లలో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, తరువాత పెంచుటకు వీలుండదు. మా శిష్యునికి ఈ చిక్కు కూడా ఎదురైనది. ఎస్.ఎస్.డి. 512 జీబీ ఉన్న చాలును. అది నిండినచో బయటి డ్రైవు కొనవచ్చును.

మూడవది గ్రాఫిక్స్ కార్డు. అంగడిలో మొదట వినిపించే మాట ఇదే. కాని పోస్టర్లు, పుస్తకాల పుటలు, అక్షరరూపాలు తీర్చువారికి ప్రత్యేక కార్డు తప్పనిసరి కాదు. బ్లెండర్ వంటి త్రిమితీయ పని, వీడియో యానిమేషన్ చేయువారికి మాత్రం అది నిజమైన అవసరం. మొదటి తరగతివారు ఆ సొమ్మును తెరపై, మెమరీపై వెచ్చించుట ఉత్తమం.

నాల్గవది సాఫ్టువేరు. మ్యాక్‌బుక్‌ల తెరలు మంచివి, బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది. కాని కొన్న తరువాత మెమరీ పెరగదు. ఇన్‌పేజ్, రెవిట్, త్రీడీఎస్ మ్యాక్స్, సాలిడ్‌వర్క్స్ విండోస్‌కై నిర్మితమైనవి. ఉర్దూ పుటలు తీర్చువారు, ఆర్కిటెక్చర్, ఉత్పత్తుల రూపకల్పన చదువువారు దీనిని మరువరాదు. తమ కోర్సులో ఏ సాఫ్టువేరు బోధిస్తారో అధ్యాపకులను అడిగిన పిమ్మటనే అంగడికి వెళ్ళవలెను.

సొమ్ము చాలని ఇండ్లవారు నిరాశపడనవసరం లేదు. ఇంక్‌స్కేప్, గింప్, క్రిటా, స్క్రైబస్, బ్లెండర్ ఉచితంగా లభిస్తాయి. ఒకసారి వాడిన మంచి ల్యాప్‌టాప్, నాసిరకపు కొత్తదానికన్న మేలు కావచ్చును. అయితే బ్యాటరీ, తెర, కీలు స్వయంగా పరీక్షించి, రసీదు పుచ్చుకొని కొనవలెను.

కళాశాల పాలకవర్గానికి మాదొక మనవి. రంగులు సరిగా చూపు మంచి మానిటరు ఒక్కటి గ్రంథాలయంలో ఉన్నచో, చౌక ల్యాప్‌టాప్ గల విద్యార్థి కూడా తన పనిని అచ్చుకు పంపుటకు ముందు దానిపై సరిచూచుకొనగలడు. ఒక్కొక్క ఇంటికి భారమైనది అందరికీ కలిపి తేలికగును.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకున్నది. నిజముగానే మద్దెల ఓడైనప్పుడు ఆడగలవాడు కూడా నిందపడతాడు. ఆ దర్జీ కుట్టిన ప్రతి కుట్టులో కొంత ఆ వాయిదాకు పోయినది. తల్లిదండ్రుల చెమటతో కొనే వస్తువును చదివి, చూచి, అడిగి కొనుట విద్యార్థి నేర్వవలసిన మొదటి డిజైన్ పాఠం.