గోడ మూసేలోగా ఇన్‌స్పెక్టర్‌ని రానివ్వండి

అమెరికాలో ఇల్లు కొన్న రెండు మూడేళ్ళకు మనవాళ్ళ ఇళ్ళల్లో పని మొదలవుతుంది. బేస్‌మెంట్ అంటారు, డెక్ అంటారు, వెనకాల ఇంకో వంటిల్లు అంటారు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కౌంటీ పర్మిట్ గురించే. వర్జీనియా నుంచి నాలుగు, టెక్సస్ నుంచి ఒకటి.

ప్రశ్న: మాది ఆష్‌బర్న్, లౌడన్ కౌంటీ. అత్తయ్యగారు, మామయ్యగారు వేసవిలో వచ్చి ఆరు నెలలు ఉంటారు. పైన గదులు సరిపోవడం లేదని బేస్‌మెంట్‌లో పడకగది, బాత్రూమ్ కట్టిద్దామనుకుంటున్నాం. ప్రస్తుతం అక్కడ సీలింగ్ కింద చిన్న కిటికీ ఒక్కటే ఉంది. కాంట్రాక్టరేమో "లోపలి పనే కదా మేడమ్, బయటికి కనపడదు, పర్మిట్ పెట్టుకుంటే ఆలస్యం" అంటున్నాడు. నిజంగా పర్మిట్ అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. కొత్త గోడలు కట్టినా, కరెంటు లైన్లు లాగినా, నీళ్ళ పైపులు వేసినా పర్మిట్ కావాలి. మీ పనిలో మూడూ ఉన్నాయి. రంగులు, టైల్స్, కార్పెట్ లాంటి పైపై పనులకే మినహాయింపు.

ముందు ఆ కిటికీ సంగతి చూడండి. పడకగది అన్నాక అందులోంచి నేరుగా ఆరుబయటికి తప్పించుకునే దారి ఉండి తీరాలి. అర్ధరాత్రి మెట్ల మీద పొగ నిండితే మామయ్యగారు బయటపడాల్సింది ఆ కిటికీలోంచే. వీపున గాలి సిలిండర్ తగిలించుకున్న ఫైర్‌మన్ లోపలికి రావాల్సిందీ అందులోంచే. అందుకే బిల్డింగ్ కోడ్‌లో కొలతలు అంత కచ్చితంగా రాశారు. తెరిచిన కిటికీలో అడ్డం లేని ఖాళీ 5.7 చదరపు అడుగులు ఉండాలి. కిటికీ కింది అంచు బయటి నేలమట్టానికి 44 అంగుళాల లోపు ఉంటే 5 చదరపు అడుగులు చాలు. ఖాళీ ఎత్తు 24 అంగుళాలకు, వెడల్పు 20 అంగుళాలకు తగ్గకూడదు. గది లోపల నేల నుంచి కింది అంచు 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 20, 24 చూసుకుని ఆ సైజు కిటికీ తెచ్చేస్తారు. ఆ రెండూ గుణిస్తే 480 చదరపు అంగుళాలు, అంటే మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు. ఒక వైపు కనీస కొలత ఉంటే రెండో వైపు పెరగాల్సిందే. కిటికీ నేలమట్టం కిందికి ఉంటే బయట గొయ్యి తీసి విండో వెల్ కట్టాలి. దాని వైశాల్యం కనీసం 9 చదరపు అడుగులు, గోడ నుంచి ముందుకు 36 అంగుళాలు ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే ఎక్కి రావడానికి నిచ్చెన బిగించాలి. ఇందుకోసం పునాది గోడ కోయాలి కాబట్టి ఖర్చవుతుంది, కాదనను. మిగిలిన ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ దీని జోలికి వెళ్ళకండి.

పర్మిట్ వల్ల మీకు ఒరిగేదల్లా ఇన్‌స్పెక్షనే. బాత్రూమ్ డ్రెయిన్ కోసం కాంక్రీటు నేల పగలగొడితే, పైపు వేసి మళ్ళీ కాంక్రీటు పోయకముందు ఒకసారి వచ్చి చూస్తారు. ఫ్రేమింగ్, వైరింగ్, పైపులు అయ్యాక, ఇన్సులేషన్, డ్రైవాల్ మొదలుపెట్టకముందు మళ్ళీ చూస్తారు. అన్నీ అయ్యాక ఫైనల్. ఒక్కసారి డ్రైవాల్ పడిందంటే లోపలి వైరు సరిగ్గా కలిపారో లేదో ఇన్‌స్పెక్టర్‌కీ తెలీదు, మీకూ తెలీదు. రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ళు పర్మిట్ అడిగితే, వేసిన గోడ విప్పి చూపించాల్సిన గతి పట్టవచ్చు. బేస్‌మెంట్ పూర్తయితే ఇంటి విలువ కట్టడంలో కొంత తేడా వచ్చి పన్ను పెరగవచ్చు. దానికి భయపడి పెద్దవాళ్ళని దారి లేని గదిలో పడుకోబెట్టొద్దు.

ప్రశ్న: మేం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటాం. డెక్ కట్టడానికి ఒకాయన మిగతావాళ్ళ కంటే బాగా తక్కువకి ఒప్పుకున్నాడు. అయితే పర్మిట్ మాత్రం నన్నే ఓనర్‌గా నా పేరు మీద తీసుకోమంటున్నాడు. ఇందులో ఇబ్బంది ఉందా?

జవాబు: ఉందండీ. వర్జీనియాలో పర్మిట్‌కి అప్లై చేసేవాళ్ళు కాంట్రాక్టర్ లైసెన్స్ చూపించాలి, లేకపోతే తమకు ఆ లైసెన్స్ అక్కర్లేదని అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన మిమ్మల్ని ముందుకు తోస్తున్నాడంటే లైసెన్స్ లేదేమో అని మొదటి అనుమానం రావాలి. రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ డీపీఓఆర్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. ఏ, బీ, సీ అని మూడు తరగతులుంటాయి, చేసే పని విలువను బట్టి. మీ పేరు మీద పర్మిట్ తీసుకుంటే ఇన్‌స్పెక్షన్ ఫెయిలైనప్పుడు నోటీసు మీ ఇంటికే వస్తుంది. ఆయన ఫోన్ ఎత్తకపోతే సరిదిద్దించుకోవాల్సింది మీరే.

డెక్‌ని తేలిగ్గా తీసుకోకండి. పుట్టినరోజు నాడు ముప్ఫైమంది ఒక మూల నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఆ బరువులో సగం దాకా మోసేది ఇంటి గోడకి ఆనించిన లెడ్జర్ బోర్డే. దాన్ని బోల్టులతోనో లాగ్ స్క్రూలతోనో బిగించాలి, ఒట్టి మేకులు ఒప్పుకోరు. డెక్ నేల నుంచి 30 అంగుళాలు దాటి ఎత్తు ఉంటే చుట్టూ 36 అంగుళాల రెయిలింగ్ కావాలి. దాని సందుల్లోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు, ఎందుకంటే పసిపిల్ల తల అందులో ఇరుక్కోకూడదు. డెక్ కోసం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ తయారుచేసిన ప్రామాణిక డ్రాయింగులున్నాయి. మీ డిజైన్ వాటికి సరిపోతే విడిగా ఇంజినీరు అవసరం చాలాసార్లు ఉండదు. డెక్ స్తంభాలకి గుంటలు తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు, ఉచితంగానే. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే ఆఖరి వాయిదా ఇస్తామని కాంట్రాక్టులో రాయించుకోండి.

ఇదే ఉత్తరంలో ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) ఒప్పుకుంటే చాలదా అని కూడా అడిగారు. చాలదు. వాళ్ళు రంగూ రూపూ చూస్తారు. హద్దు నుంచి ఎన్ని అడుగులు వదిలారో జోనింగ్ వాళ్ళు చూస్తారు. కట్టింది నిలబడుతుందా లేదా అన్నది బిల్డింగ్ వాళ్ళు చూస్తారు. కొన్నిచోట్ల టౌన్ కూడా మధ్యలో ఉంటుంది. లీస్‌బర్గ్‌లో జోనింగ్ టౌన్‌ది, బిల్డింగ్ పర్మిట్ లౌడన్ కౌంటీది.

ప్రశ్న: పోపు వాసన ఇల్లంతా పడుతోందని బేస్‌మెంట్‌లో గ్యాస్ స్టవ్‌తో రెండో వంటిల్లు పెట్టాలనుకుంటున్నాం. ప్లాన్‌లో "వెట్ బార్" అని చూపించి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక స్టవ్ పెట్టుకోమని సలహా ఇచ్చారు.

జవాబు: ఆ సలహా ఇచ్చినవాళ్ళు మీ మేలు కోరలేదు. రెండో వంటిల్లు వస్తే ఇంట్లో ఇంకో కాపురం పెడుతున్నారా అని జోనింగ్ వాళ్ళు అడుగుతారు. లేదు, మా కుటుంబానికే అని రాసిచ్చే పద్ధతి చాలా కౌంటీల్లో ఉంది. అది అడిగి తెలుసుకోండి. అసలు భయపడాల్సింది హుడ్ గురించి. మన వంటకి పెద్ద హుడ్ కావాలి, నిజమే. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలి లాగే హుడ్ పెడితే, దానికి తగ్గ గాలి బయటి నుంచి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలి. లేకపోతే హుడ్ ఇంట్లో గాలిని ఎక్కడ దొరికితే అక్కడి నుంచి లాక్కుంటుంది. పక్కనే పాతరకం గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, గొట్టంలోంచి పైకి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి తిరిగి గదిలోకి రావచ్చు. దానికి రంగూ వాసనా లేవు. దొంగచాటుగా పెట్టిన స్టవ్‌కి ఈ లెక్క ఎవరూ చూడరు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు ప్లాన్‌లో చూపించండి.

ప్రశ్న: అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పెరట్లో టెంటు వేయిస్తే పర్మిట్ కావాలా?

జవాబు: వర్జీనియాలో 900 చదరపు అడుగులు దాటకుండా, 50 మందికి మించకుండా ఉంటే బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేదు. రెండు షరతులూ కుదరాలి. 20 అడుగులు, 40 అడుగుల టెంటు వైశాల్యం సరిపోయినా, అందులో 120 మంది భోజనానికి కూర్చుంటే పర్మిట్ కావాల్సిందే. రెండు టెంట్లు పక్కపక్కన కలిపి వేస్తే రెండూ కలిపి ఒకే టెంటు లెక్క. వంట టెంటు కింద పెట్టించకండి. ఫైర్ మార్షల్ ఆఫీసుకి కూడా ఒక ఫోన్ చేయండి.

ప్రశ్న: డాలస్‌కి ఉత్తరాన సిటీ లిమిట్స్ బయట రెండెకరాలు చూశాం. అక్కడ పర్మిట్ల గొడవే లేదని ఏజెంట్ అంటున్నారు.

జవాబు: సగం నిజం. టెక్సస్‌లో కౌంటీలకి బిల్డింగ్ కోడ్ విషయంలో సిటీలకున్నంత అధికారం లేదు. అయినా సెప్టిక్ ట్యాంకుకి పర్మిట్ ఉంటుంది, వరద ముంపు ప్రాంతమైతే దానికీ ఉంటుంది. ఊరి బయట కొత్త ఇళ్ళకి ఇన్‌స్పెక్షన్లు తప్పనిసరి చేసే అధికారం కూడా చట్టం కౌంటీలకి ఇచ్చింది. అలా చేసిన చోట పునాది కాంక్రీటు పోయకముందు, గోడలు మూయకముందు, పని పూర్తయ్యాక చూడాలి. మీ కౌంటీలో ఏది అమల్లో ఉందో ఆఫీసుకే వెళ్ళి అడగండి.

వాళ్ళు అడగకపోయినా ఆ మూడు దశల్లోనూ లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌నో ఇంజినీరునో మీ డబ్బుతో మీరే పెట్టుకోండి. ఆ ప్రాంతంలో చాలా భూమి మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. గుంటూరు వైపు అలాంటి నేలలో ఇల్లు కట్టినవాళ్ళని అడిగితే పునాది గురించి చెబుతారు. బంకమట్టి నీళ్ళని తొందరగా ఇంకనివ్వదు కాబట్టి మామూలు సెప్టిక్ కూడా అన్నిచోట్లా కుదరదు, ఖరీదైన రకం పెట్టాల్సి వస్తుంది. అందుకని మట్టి పరీక్ష, సెప్టిక్ పరిశీలన, వరద మ్యాపు, ఈ మూడూ చేతికి వచ్చేదాకా బయానా ఇవ్వకండి.