బాలానగర్ సీతాఫలం

హఫీజ్‌పేటలో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కండి. సికింద్రాబాదు దాటి ఫలక్‌నుమా వైపు వెళ్తే ఒక స్టేషను వస్తుంది. బోర్డు చదవండి. సీతాఫల్‌మండి. ఆ పేరులోనే మన పండు ఉంది.

సీతాఫలంలో పేరున్న రకం బాలానగర్. ఇది హైదరాబాదులోని బాలానగర్ కాదు. పాలమూరు జిల్లాలోని బాలానగర్. ఈ పండులో గుజ్జు తెల్లగా, తియ్యగా ఉంటుంది. గింజలు కాస్త ఎక్కువే.

ఎక్కడ పెరుగుతుంది?

ఇది చిన్న చెట్టు. రాళ్ళ నేలలోనూ బతుకుతుంది. నీళ్ళు తక్కువైనా ఓర్చుకుంటుంది. నీళ్ళు నిలిస్తే మాత్రం వేరు కుళ్ళుతుంది. దీని ఆకును మేకలు ముట్టవు. చలికాలంలో ఆకంతా రాలుతుంది. చెట్టు చచ్చిందని నరకకండి. వేసవిలో మళ్ళీ చిగురిస్తుంది.

ఎలా నాటాలి?

తొలకరి వానలకు నాటాలి. రెండడుగుల గుంత తవ్వండి. మట్టిలో మాగిన పశువుల ఎరువు కలపండి. అంటు కట్టిన చోటు మట్టి పైన ఉండాలి. దాని కింద వచ్చే చిగుళ్ళను తుంచేయండి. రెండు మొక్కలు నాటితే మధ్య 15 అడుగులు వదలండి.

పూత ఉన్నా కాయ ఎందుకు నిలవదు?

చెట్టు నిండా పూస్తుంది. కాయలు మాత్రం కొన్నే. దిష్టి తగిలిందని అనుకుంటారు. అది దిష్టి కాదు. ఒకే పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమవుతుంది. పుప్పొడి తర్వాత రాలుతుంది. రెండూ కలవక పువ్వు రాలిపోతుంది.

దీనికి ఉపాయం ఉంది. పొద్దున్నే బాగా విచ్చిన పూల పుప్పొడిని కాగితం మీద దులపండి. మెత్తటి కుంచెతో సగం విచ్చిన పూల లోపల అద్దండి. కాయలు ఎక్కువ నిలుస్తాయి.

ఎప్పుడు కోయాలి?

దసరా రోజుల్లో పండ్లు బాగా వస్తాయి. కాయ మీద కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబడితే కోయండి. గడ్డిలో పెడితే కొద్ది రోజుల్లో పండుతుంది.

గింజలతో జాగ్రత్త!

కొందరు పేలు పోవాలని గింజల పొడి తలకు పట్టిస్తారు. అది కంట్లో పడితే నల్లగుడ్డు పుండవుతుంది. చూపు దెబ్బతినవచ్చు. పొరపాటున పడితే వెంటనే మంచినీళ్ళతో కడగండి. కళ్ళ డాక్టరుకు చూపించండి. పేలకు సన్న దువ్వెన వాడండి. లేదా ఆస్పత్రిలో మందు అడగండి.

చెప్పండి

1. పూసిన పూలన్నీ ఎందుకు కాయలు కావు?
2. కాయను ఏ గుర్తు చూసి కోయాలి?
3. గింజల పొడి తలకు ఎందుకు పెట్టకూడదు? ఈ మాట మీ వాడలో ఎవరికి చెబుతారు?