ఫైరింజనుకు నీరందు చోటు

ఫైరింజను వచ్చినంతనే మంట ఆరునని పలువురి నమ్మకము. సాధారణముగా అది తెచ్చు నీరు 4,500 లీటర్లు. నిమిషమునకు 1,800 లీటర్ల చొప్పున చిమ్మినచో రెండున్నర నిమిషములలో తొట్టి ఖాళీ యగును. పూరిండ్లు వరుసగా అంటుకొనిన వాడలో అది ఏ మూలకు? పిమ్మట చెరువునకో, కాలువకో పోవలెను.

పంచాయతీ పని ఇక్కడనే యున్నది. ఇంజను పంపు గొట్టముతో నీటిని లాగగలదు గాని, 7 మీటర్లకు మించిన లోతునుండి తీయుట కష్టము. కనుక లోతైన బావికంటె, గట్టువరకు బండి పోగల చెరువే మేలు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు బరువైన బండి బురదలో దిగబడునా యని సభ్యులు స్వయముగా చూడవలెను. గట్టుదారిని గడ్డివాములు, పెంటకుప్పలు ఆక్రమించుట మన యూళ్లలో క్రొత్త గాదు. తీయుమన్నచో తగవులు వచ్చును. వచ్చినను తీయింపక తప్పదు.

1944 నాటి బొంబాయి ఓడరేవు ప్రేలుడులో మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థము ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు వారోత్సవములు జరుగును. నీరు తగ్గు కాలమును అదియే. ఆ వారమున స్టేషను అధికారిని పిలిచి చెరువు రేవును చూపుట మంచిది. ప్రమాదమున 101కు ఫోను చేయువారు ఊరి పేరుతోపాటు ఏ దారిన రావలెనో, నీరెచ్చట దొరకునో చెప్పవలెను. ఒకరు ఊరి మొదట నిలిచి ఇంజనుకు దారి చూపవలెను.