శిఖరానికి ఇరుపక్కలా: వరద లెక్కకు ఒక చిన్న సూత్రం

కృష్ణకు వరద వచ్చిందంటే తాడేపల్లిలో ఎవర్ని కదిపినా ఒకటే ప్రశ్న: "ఎన్ని లక్షల క్యూసెక్కులట?" ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 అక్టోబరులో ఆ అంకె 11.10 లక్షలు, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు. ఇవి వరద శిఖరాలు. కాని చిర్రావూరు, గుండిమెడ వైపు ఏటి ఒడ్డున పైరు వేసిన రైతుకు శిఖరం ఒక్కటీ తెలిస్తే చాలదు. నీరు ఎప్పటికి తీస్తుంది, గొడ్లను ఎప్పుడు వెనక్కి తోలుకురావచ్చు అన్నది అతనికి ముఖ్యం. అంటే శిఖరానికి ఇటూ అటూ ప్రవాహం ఏ తీరున తగ్గుతుందో లెక్క కట్టాలి. దానికి పెన్సిలూ కాగితంతో పని జరిగే సూత్రం ఒకటి తయారు చేద్దాం.

ముందు మనకేం కావాలో చెప్పుకుందాం. శిఖరం దగ్గర గుణకం సరిగ్గా 1 కావాలి. దూరం జరిగేకొద్దీ అది తగ్గాలి గాని సున్నా కిందికి పోకూడదు. వరద ఎక్కినంత వేగంగా దిగదు కనుక రెండు పక్కలకూ వేర్వేరు కొలతలు పెట్టుకునే వీలుండాలి.

మొదట తోచేది ఇంటి కప్పు ఆకారం: రెండు సరళరేఖలు. లెక్క సులువే, కాని కొన మొనదేలి ఉంటుంది, కొంత దూరం పోయాక విలువ రుణసంఖ్య అవుతుంది. ఏట్లో నీరు సున్నాకు తక్కువ ఉండదు గదా! రెండోది పరావలయం. దీని కొన నున్నగానే ఉంటుంది, కాని రుణసంఖ్య పీడ మాత్రం వదలదు. అందుచేత తేడాను లవంలో తీసివేయడం మాని, హారంలో కలుపుదాం:

ప్ర = ఆ + (శి − ఆ) ÷ (1 + ని²)

ఇక్కడ 'ప్ర' ప్రవాహం, 'శి' శిఖరం, 'ఆ' వరదకు ముందున్న ఆధార ప్రవాహం. 'ని' అంటే శిఖరం నుంచి గడిచిన గంటలను 'వె' అనే వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. ని = 1 అయితే హారం 2; అంటే 'వె' గంటలకు ఎత్తు సగమవుతుంది. హారం ఎప్పుడూ 1కి తగ్గదు కనుక ప్రవాహం శిఖరాన్ని మించదు, ఆధారం కిందికీ పోదు. ఎడమకొక వెడల్పు, కుడికొక వెడల్పు పెట్టినా శిఖరం దగ్గర రెండు వాలులూ సున్నాయే. కనుక అతుకు దగ్గర మూల ఏర్పడదు.

ఇప్పుడు ఒక లెక్క. శిఖరం 11.43 లక్షలు. లెక్క తేలిక కోసం ఆధారం 1.43 లక్షలు, దిగే పక్క వెడల్పు 24 గంటలు అనుకుందాం. ఈ రెండూ ఊహించినవే, కొలిచినవి కావు. ఎత్తు 10 లక్షలు. 12 గంటలకు 1.43 + 8 = 9.43. 24 గంటలకు 6.43. 48 గంటలకు 3.43. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షలు. అక్కడికి దిగాలంటే 1 + ని² = 10 ÷ 2.54 = 3.937; ని = 1.714. అంటే దాదాపు 41 గంటలు.

ఇంతటితో సరిపోతుందా? వర్గం బదులు నాలుగో ఘాతం వేసి చూడండి. శిఖరం అదే, 24 గంటల విలువా అదే 6.43. కాని ఆకారం మారిపోయింది: పైన బల్లపరుపు, పక్కన నిట్రవాలు. 12 గంటలకు 10.84 లక్షలు, హెచ్చరిక కిందికి దిగేది 31 గంటలకే. రెండు చోట్ల కలిసే రెండు వక్రాలు రైతు దగ్గరికి వచ్చేసరికి పది గంటలు తేడా చెబుతున్నాయి!

మరి ఏది నమ్మాలి? ఆ మాట చెప్పవలసింది ఏరే. ప్రవాహాన్ని గంట గంటకూ రాసి పెట్టుకుంటే, సగం ఎత్తుకు దిగిన క్షణాన మనకు వెడల్పు తెలుస్తుంది. అందులో సగం కాలానికి ఏమి రాశామో పుస్తకంలో వెనక్కి చూస్తే ఘాతం తెలుస్తుంది: 9.43 దగ్గరుంటే 2, 10.84 దగ్గరుంటే 4. మధ్యలో ఉంటే 3 వేసి చూడవచ్చు. అప్పుడు ఇంకా 17 గంటలు ఆగాలా, 7 గంటలు చాలా అన్నది అంచనా కట్టవచ్చు.

అయితే సూత్రం దేవుడు కాదు. పైన మళ్ళీ వాన పడితే రెండో శిఖరం రావచ్చు. ఎగువ జలాశయాల గేట్లు మనుషుల చేతిలో ఉంటాయి. కాబట్టి ఇది అధికారుల హెచ్చరికకు తోడే గాని బదులు కాదు. వాళ్ళు వద్దన్నంత వరకూ ఏటి వైపు పోరాదు.

ఈ పద్ధతి వరదకే పరిమితం కాదు. గుంటూరు యార్డుకు ఎండాకాలం ముందు వచ్చే మిర్చి బస్తాలకైనా ఇదే తీరు. గంటల బదులు రోజులు వేసుకోండి. గణితం చదివే మిత్రులకు నా మనవి ఒక్కటే: శిఖరాన్ని చూసి ఆగిపోకండి, దానికి ఇరుపక్కలా కనీసం ఒక్కొక్క బిందువైనా కొలవండి. మనుషులు బతికేది ఆ వాలుల మీదే.