ఘాట్ దిగే ముందు బాల్ జాయింట్ మార్పించండి

ప్రశ్న: గతుకుల్లో మా కారు ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడొస్తోంది. బాల్ జాయింట్ అరిగిందని మెకానిక్ అంటున్నారు. అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోట వెళ్లి మార్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అరకులోయ

జవాబు: ఆ కారుతో ఘాట్ దిగకండి. చక్రాన్ని లోయర్ ఆర్మ్‌కు పట్టి ఉంచుతూనే అటూ ఇటూ తిరగనిచ్చేది బాల్ జాయింటే. అది ఊడితే చక్రం ఒరిగిపోతుంది, స్టీరింగ్ పనిచేయదు. లోయ పక్క మలుపులో అది ప్రాణాంతకం.

ముందు కారును జాకీతో లేపి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపించండి. జాయింట్ దగ్గర ప్లే (వదులు) కనిపిస్తే మార్చాల్సిందే. జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగినా ఉపేక్షించొద్దు. మన్యం వానల్లో బురదనీరు చేరి గ్రీజు పాడవుతుంది.

చిన్న కార్లలో చాలావాటికి జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. మీ మోడల్‌కు సరిపడే ఆర్మ్‌ను విశాఖ నుంచి తెప్పించి, అరకులోనే వేయించండి. జాయింట్‌కు కొత్త నట్టు వాడమనండి. ఆర్మ్ బుష్ బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.