పోగు తెగితే మగ్గం ఆగాలి

ఈ సంచికలో బ్యాచ్ ఫైలు గురించి పాఠము రాస్తున్నాను. ఎందుకంటే దానితో పోయిన నెల నా చేతుల మీద ఒక తప్పు జరిగింది. అది ఇంకెవరికీ జరగకూడదు.

బ్యాచ్ ఫైలు అనగా ఏమి?

విండోస్ కంప్యూటరుకు చెప్పవలసిన పనులను నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి రాసి, ఫైలు పేరు చివర డాట్ బ్యాట్ అని పెడతాము. దాని మీద రెండుసార్లు నొక్కితే కంప్యూటరు పై లైను నుండి కింది లైను దాకా వరసగా చేసుకుంటూ పోతుంది. 1981లో వచ్చిన డాస్ కాలం నుండి ఈ పద్ధతి ఉన్నది. కాపీ అంటే నకలు తీయుట. డెల్ అంటే చెరిపివేయుట. ఎకో అంటే తెర మీద మాట చూపుట. ఇక్కడ తెలుగులో రాశాను గానీ, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

నేను చేసిన తప్పు

నెలాఖరుకి ల్యాబులో అందరం టైపు చేసిన పాఠాలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కంప్యూటరులో చెరిపి, కింది తరగతి వాళ్లకు జాగా చేయాలి. రోజూ చేత్తో ఎందుకులే అని నేను బ్యాచ్ ఫైలు రాశాను. మొదటి లైను కాపీ, రెండోది డెల్, మూడోది ఎకో ఓకే, చివరిది తెర మూసుకోకుండా పాజ్.

ఆ రోజు పెన్‌డ్రైవు సరిగ్గా గుచ్చుకోలేదు. కాపీ జరగలేదు. ఆ సంగతి తెర మీద ఇంగ్లీషులో ఒక లైనుగా వచ్చింది కూడా. నేను చదవలేదు. కింద ఓకే అని ఉంది కదా అని అన్నానికి పోయాను. కానీ డెల్ తన పని తాను చేసేసింది. డెల్‌తో చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు.

పదో తరగతి అక్క ఒకరు వాళ్ల నాయనమ్మను అడిగి, కాలవలో దొరికే చేపల పేర్లు 32 టైపు చేసింది. ఏ నెలలో ఏ వల వేయాలో కూడా రాసింది. టైపు అయింది కదా అని కాగితం పారేసింది. అక్క నన్ను తిట్టలేదు. గుర్తున్నవి చెప్తుంటే నేను రాశాను. 21 వచ్చినయ్. మిగతావి సెలవుల్లో మళ్లీ అడగాలి.

తప్పు ఎక్కడున్నది?

మన వేటపాలెంలో మగ్గం చూడనివాళ్లు లేరు. పడుగులో పోగు తెగితే నేసే ఆయన ఆగుతాడు, ముడి వేస్తాడు, తర్వాతే నాడె విసురుతాడు. ఆగకపోతే బట్ట పొడవునా ఆ లోపం పోతుంది. బ్యాచ్ ఫైలుకు ఆ కన్ను లేదు. ఒక లైను తప్పినా కింది లైనుకు పోతుంది. ఆగమని మనమే రాయాలి.

ప్రతి పని అయిన తర్వాత కంప్యూటరు ఒక అంకె ఉంచుతుంది. దాని పేరు ఎర్రర్‌లెవెల్. మామూలుగా 0 అయితే పని బాగా జరిగినట్టు, వేరే అంకె అయితే తప్పినట్టు. అందుకని కాపీ లైను కింద ఇలా రాయాలి:

ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 ఎగ్జిట్ స్లాష్ బి 1

అనగా అంకె 1 గాని అంతకు ఎక్కువ గాని అయితే ఇక్కడే ఆగు, తప్పిందని 1 చెప్పి బయటికి రా, అని అర్థము. ఇక డెల్ దాకా పోదు.

పెద్ద కంపెనీల్లో

కొత్త ప్రోగ్రామును తయారుచేసి, పరీక్షించి, సర్వర్లకు పంపి, నడిపించే పనులన్నీ జెన్‌కిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటివి మెట్లు మెట్లుగా వాటంతట అవే చేయిస్తాయి. విండోస్‌లో ఒక్కో మెట్టు ఒక బ్యాచ్ ఫైలు కావచ్చు. అవి ఆ మెట్టు చివర వచ్చిన అంకెనే చూస్తాయి. మధ్యలో ఒకటి తప్పినా, చివరి ప్రోగ్రాము 0 ఇస్తే అంతా బాగుందనుకుని పై మెట్టు ఎక్కుతాయి. కాబట్టి తప్పు జరిగిన చోటే ఆపాలి.

ఇంకో తిరకాసు ఉంది. రోబోకాపీ అనే కమాండు ఫైళ్లను బాగా కాపీ చేసినా 1 ఇస్తుంది. 8, ఆ పైన వస్తేనే తప్పు. దానికి 8తో పోల్చాలి.

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్నది. కొత్త ప్రోగ్రామును 8 సర్వర్లలో పెట్టాలి. చేత్తో పెడుతూ ఒకదాన్ని మరిచారు. రెండోవారు సరిచూడలేదు. అంటే చేత్తో చేసినా, మిషనుతో చేసినా సరిచూసుకునే మెట్టు ఉండవలెను.

గుర్తుంచుకోవలసినవి

1. చెరిపే లైనుకు ముందు తప్పక ఆపే లైను రాయాలి.
2. ఓకే అని మనమే రాయించిన మాటను నమ్మకూడదు. పెన్‌డ్రైవు తెరిచి ఫైళ్లు లెక్కపెట్టాలి.
3. టైపు చేసినా కాగితం పారేయకూడదు.

ప్రశ్న: నా బ్యాచ్ ఫైలులో పాజ్‌తో కలిపి నాలుగు లైన్లు ఉన్నవి. ఆపే లైను ఎన్నో లైను కావాలి? డెల్ తర్వాత పెడితే ఏమవుతుంది? జవాబు రాసి ల్యాబు తలుపు దగ్గర పెట్టెలో వేయండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని