పుష్పకైంకర్యము – వృక్షాయుర్వేదము

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారమువద్ద గోడపై ఒక గునపము అమర్చబడి యున్నది. కొండకు వచ్చిన యాత్రికులు దానిని చూపి, అనంతాళ్వారుల కథను పిల్లలకు చెప్పుకొనుచు లోనికి పోవుదురు. గర్భవతియైన భార్య మట్టితట్టలు మోయుచుండగా చెరువు త్రవ్వుచున్న ఆచార్యుడు, సాయము చేయవచ్చిన బాలునిపై కోపించి గునపమును విసరుట, అది తగిలి స్వామి గడ్డమున రక్తము స్రవించుట, నాటినుండి ఆ గాయమునకు గుర్తుగా పచ్చకర్పూరము అద్దుట – ఇదంతయు భక్తలోకమునకు సుపరిచితమే. అయినను ఆ కథలో తఱచుగా ఎవరును నిలిచి ఆలోచింపని అంశమొకటి కలదు. శ్రీరంగమున గోష్ఠి మధ్యమున భగవద్రామానుజులు అడిగినది తిరువేంగడమున పుష్పకైంకర్యము చేయువారెవరని. చలికిని అడవికిని వెఱచి తక్కినవారు మిన్నకుండగా అనంతాళ్వారులు ఒక్కరే లేచి అంగీకరించిరి. కొండ కెక్కినవారు పూలమొక్క నాటుటకు ముందు చెరువు త్రవ్వ మొదలిడిరి. ఏల?

ఈ ప్రశ్నకు సమాధానము భక్తిగ్రంథములలో కాక మఱియొక శాస్త్రమున దొరకును. దానికి వృక్షాయుర్వేదమని పేరు. క్రీ.శ. 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఒక అధ్యాయమును దీనికే కేటాయించెను. ఆ అధ్యాయము మొదటి మాటయే నీటిని గూర్చినది. ఒడ్డున నీడలేని జలాశయము మనోహరముగా నుండదు, కావున నీటి అంచులయందే ఆరామములను నెలకొల్పవలెనని ఆయన అభిప్రాయము. నీరు ముందు, తోట తరువాత. అనంతాళ్వారులు ఆ గ్రంథమును చదివిరో లేదో చెప్పుటకు ఆధారము లేదు. చదువకున్నను తోటపని యెరిగిన వారందరు నడచు త్రోవ అదియే. ఆ చెరువు త్రవ్విన చేతులవి భక్తుని చేతులే కాదు, తోటమాలి చేతులు కూడ.

శ్రీవైష్ణవ సంప్రదాయమున ఈ రెండును వేఱు కావు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులు వటపత్రశాయికి మాలలు కట్టుటకు తామే తోట పెంచిరి. గోదాదేవి దొరకినది ఆ తోటలోని తులసి మొదటనే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఆ చరితమును తెనుగువారికి అందించెను. శ్రీరంగమున తొండరడిప్పొడి ఆళ్వారులు, తెనుగువారికి విప్రనారాయణులు, జీవితమంతయు పూలతోట సేవలోనే గడపదలచినవారు. వీరి భక్తిని కీర్తించుట సులభము. వీరి తోటలు ఎండాకాలమున ఎట్లు బ్రతికినవి, పురుగు పట్టినప్పుడు ఏమి చేసిరి, ఏ మొక్కను ఏ ఋతువున మార్చి నాటిరి అను ప్రశ్నలు మాత్రము ఎవరికిని తోచవు. మొక్క తెలియనివాడు మాల కట్టలేడు.

వరాహమిహిరుని అధ్యాయము చిన్నది, కాని అందులో వ్యర్థపదము లేదు. తోట వేయదలచినవాడు మెత్తని నేలను ఎంచుకొని, మొదట అందులో నువ్వులు చల్లవలెను. ఆ పైరు పూతకు వచ్చినప్పుడు దానిని అక్కడనే నలిపి మట్టిలో కలిపివేయవలెను. నేటికిని తెనుగు రైతు జనుమును, జీలుగను పెంచి, పూతదశలో కలియదున్ని, పచ్చిరొట్ట ఎరువు అనుచున్నాడు. పూతనాటికి మొక్క సారవంతమై యుండును. కాండము ఇంకను ముదరకుండుటచే నేలలో త్వరగా కుళ్లును. పైరు మాత్రమే మారినది, ఉపాయము మారలేదు.

తరువాత మొదట నాటదగిన మంగళవృక్షములను పేర్కొనెను: అరిష్టము, అశోకము, పొన్న, దిరిసెనము, ప్రియంగువు. చెట్టుకు చెట్టుకు ఇరువది మూరల ఎడము ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు అధమము. మూర ఒకటిన్నర అడుగుగా గణించినచో ముప్పది, ఇరువదినాలుగు, పదునెనిమిది అడుగులగును. దగ్గఱదగ్గఱగా నాటిన చెట్లు ఒకదానినొకటి తాకుచు, వేళ్లు పెనవేసికొని బాధపడి, చక్కగా ఫలింపవని కారణము కూడ చెప్పెను. దేవాలయ ప్రాంగణములలో ఉత్సాహముకొలది ఒకే మూల పది చెట్లు నాటి, ఐదేండ్ల తరువాత ఏదియు పూయుట లేదని చింతించు ధర్మకర్తలు ఈ ఒక్క వాక్యమును చదివిన చాలును.

నీరు పోయుటకు ఆయన విధించిన క్రమము ఇది: గ్రీష్మమున ఉదయము సాయంకాలము రెండు పూటలు, చలికాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల ఎండినప్పుడు మాత్రమే. రోగములను గూర్చి చెప్పుచు, చలివలనను గాలివలనను ఎండవలనను చెట్లకు వ్యాధి కలుగుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్లు పెరుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట దాని లక్షణములనియు తెలిపెను. చికిత్సలో మొదటిది కత్తి. చెడిన భాగమును శుభ్రముగా తీసివేసిన పిమ్మటనే వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీటితో తడుపవలెను. పూత, కాపు తగ్గిన చెట్టుకు ఉలవలు, మినుములు, పెసలు, నువ్వులు, యవలు పాలలో కాచి చల్లార్చి పోయవలెను.

అన్నింటికంటె హృద్యమైనది మొక్కను మార్చి నాటుటను గూర్చిన విధి. నాటువాడు శుచియై, ముందుగా ఆ చెట్టుకు స్నానము చేయించి, గంధాదులు పూసి, పూజించి, ఆపైన నాటవలెను. అట్లు నాటిన చెట్టు ఉన్న ఆకులతోనే నిలదొక్కుకొనునట. వేళ్లనుండి పైవఱకు నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, విడంగములు, పాలు, ఆవుపేడ కలిపిన లేపము పూయుమని కూడ ఆయనయే చెప్పెను. పూజ ఏది, పోషణ ఏది అని ఇచ్చట విడదీయుట సాధ్యము కాదు. తిరుమంజనము, అలంకారము ఎఱిగిన శ్రీవైష్ణవునకు ఈ విధి క్రొత్తగా తోచదు.

బృహత్సంహితకు ముందును వెనుకను ఈ శాస్త్రమునకు పరంపర కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజుగారి పొలములను చూచు సీతాధ్యక్షుడు వృక్షాయుర్వేదము తెలిసినవాడై యుండవలెనని శాసించుచున్నది. అగ్నిపురాణమున ఒక అధ్యాయము ఇంటికి ఉత్తరమున జువ్వి, తూర్పున మఱ్ఱి, దక్షిణమున మామిడి, పడమట రావి శుభమని చెప్పును. 14వ శతాబ్దమున శార్ఙ్గధరుడు కూర్చిన పద్ధతిలో ఉపవనవినోదమను భాగము కలదు. వీనిలో సమగ్రమైనది సురపాలుని వృక్షాయుర్వేదము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డునందలి బాడ్లియన్ గ్రంథాలయమున నిలిచిన దాని వ్రాతప్రతిని సంపాదించి, 1996లో ఆంగ్లానువాదముతో వెలువరించినది సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ. మరుగుపడిన గ్రంథము మరల వెలుగు చూచినది తెనుగుగడ్డపై నుండియే యగుట ముదావహము.

సురపాలుడు మనుష్యులకువలెనే వృక్షములకును వాతపిత్తకఫములు కలవని నిర్ణయించి, లక్షణమునుబట్టి చికిత్స చెప్పెను. ఋతువు కాని ఋతువున పూయించుట, పూవుల రంగు మార్చుట వంటి వింతలును ఆ గ్రంథమున కలవు. అవి వినోదమునకు చదువదగినవే కాని, పరీక్షింపక స్వామితోటలో ప్రయోగింపదగినవి కావు.

ఈ గ్రంథములను చేతబట్టిన వైష్ణవునకు ఒకచోట అడుగు ముందుకు సాగదు. సురపాలుడు చెట్లకు పరమపుష్టినిచ్చునని ప్రశంసించిన ద్రవము కుణపజలము. జంతువుల మాంసము, క్రొవ్వు, మూలుగ నీటిలో ఉడికించి, తెలికపిండి, పాలు, తేనె, నెయ్యి, మినుములు చేర్చి, వెచ్చని తావున పక్షము దినములు పులియబెట్టి చేయునది. వరాహమిహిరుడును మాంసము కలిపిన ఎరువును చెప్పకపోలేదు. చెట్టు దృష్టితో చూచినచో ఇందు తప్పు పట్టుటకు లేదు. కుళ్లిన మాంసమునందు మొక్కలకు వలసిన సారము పుష్కలము. కాని దాని బలముతో పూచిన మల్లెను స్వామి మెడలో వేయవచ్చునా?

శాస్త్రము చెప్పినదిగదా యని కొందఱు సమాధానపడవచ్చును. మఱికొందఱు ఆ ఒక్క కారణముచే గ్రంథమునే మూసివేయవచ్చును. రెండును తొందరపాటే. పెద్దలు భగవంతునికి సమర్పింపవలసిన భావపుష్పములను లెక్కించుచు అహింసను మొట్టమొదట నిలిపిరి. మొదటి పూవును త్రుంచివేసి తక్కిన పూలను పెంచుట పుష్పకైంకర్యము కానేరదు. అట్లని గ్రంథమును విడువ పనిలేదు. కుణపజలమున పనిచేయునది పులియుట. మాంసము దానికి లభించిన ద్రవ్యములలో ఒకటి మాత్రమే. ఇటీవల పలువురు రైతులు మాంసమునకు మాఱుగా పచ్చని ఆకులు, కలుపుమొక్కలు, మొలకెత్తిన పప్పుధాన్యములు, తెలికపిండి, ఆవుపేడ, గోమూత్రము వేసి పులియబెట్టి, హరితకుణపమను పేర వాడుచున్నారు. ఉపాయమును గ్రహించి ద్రవ్యమును విడుచుట ఇదియే. ఆచార్యుని వాక్యమున సారమును గ్రహించుటకు అలవాటుపడిన సంప్రదాయమునకు ఇది కష్టము కాదు.

స్వామితోట అందఱికిని లభింపదు. కాని తులసికోట లేని వైష్ణవగృహము లేదు. వృక్షాయుర్వేదము అత్యధికముగా ఉపకరించునది అచ్చటనే. తులసి ఎండిపోయినచో ఇంటికి కీడు తప్పదని భయపడి, తన ఆచారమున ఏ లోపము జరిగినదోయని కుమిలిపోవు గృహిణులు ఎందఱో కలరు. ఆ దుఃఖము నిజమైనది. తరచు కారణము మాత్రము ఆచారలోపము కాదు. కోట అడుగున నీరు పోవు రంధ్రము లేకుండుటయే. ప్రతిదినము భక్తితో పోసిన చెంబెడు నీరు వేళ్లచుట్టు నిలిచి వానిని కుళ్లబెట్టును. వానకాలమున నేల ఎండినప్పుడు మాత్రమే నీరు పోయుమన్న వరాహమిహిరుని మాట ఇచ్చట స్మరణీయము. పూజకు తీర్థము వలయును గదా యన్నచో, ఉద్ధరిణెడు నీటితో పూజ నెరవేరును. మిగిలినది మట్టిని తాకి చూచి పోయవచ్చును. మొదలుకు చేర్చి వెలిగించిన దీపపువేడి కాండమును కమలజేయును. గూటిలోనో, కోట ముందటనో దీపమునుంచుట మేలు. పసుపు కుంకుమలు కాండమునకు కాక కోటకు అలదవచ్చును.

మార్గశీర్ష పుష్యమాసముల చలికి తులసి ఆకు రాల్చుట సహజము. వరాహమిహిరుడు చెప్పిన చలి, గాలి, ఎండ అను మూడు కారణములలో ఇది మొదటిది. ఆ దినములలో నీరు తగ్గించి, ఎండిన కొమ్మలు తీసి, ఎండ తగులునట్లు చూచినచో వేడిమి రాగానే మరల చిగిర్చును. ఇక వెన్నులు. తులసి పూచి గింజ కట్టినకొలది ఆకు తగ్గి, కొమ్మ కట్టెవారును. లేత వెన్నులను ఎప్పటికప్పుడు గిల్లినచో ప్రక్కకొమ్మలు వేసి గుబురుగా పెరుగును. తులసిమంజరి స్వామి అర్చనకు ప్రీతికరమైనది. కావున అర్చనకు వెన్ను కోయుటయే మొక్కకు చికిత్సయు అగుచున్నది. ద్వాదశినాడును, రాత్రివేళను తులసిని కోయరాదను నియమము మొక్కకు విశ్రాంతినిచ్చునది కాదా యని కూడ తోచును. అన్నిటిని చేసినను తులసి కొన్ని ఏండ్లు మాత్రమే జీవించును. కావున ప్రతి సంవత్సరము ఒక్క వెన్నును గింజకు విడిచి, తొలకరిలో నారు పోసికొనుట ఇంటిపెద్దల పూర్వపద్ధతి. ఎండిన కాండము పారవేయదగినది కాదు. కంఠమున ధరించు తులసిపూసలు దానినుండియే వచ్చును.

తిరుమలలో అనంతాళ్వారుల తోట పురుశైవారి తోటయను పేర నేటికిని నిలిచి యున్నది. స్వామియు అమ్మవారును రాత్రివేళ ఆ తోటకు విహారమునకు వచ్చిరనియు, తన పూలు చెదరినవని ఆగ్రహించిన అనంతాళ్వారులు దొరికిన అమ్మవారిని సంపెంగచెట్టుకు కట్టిరనియు, స్వామి అప్రదక్షిణముగా పరుగిడి ఆలయము చేరెననియు కథ. బ్రహ్మోత్సవముల మఱునాడు జరుగు బాగ్‌సవారి దానికే స్మారకము. ఆడిమాసమున పుబ్బా నక్షత్రము నాడు, అనగా గోదాదేవి తిరునక్షత్రమున, మలయప్పస్వామి ఉభయనాంచారులతో ఆ తోటకు వేంచేయును. నివేదనాదులు ముగిసి స్వామి తిరిగి బయలుదేరునప్పుడు అర్చకులు అచ్చటి పొగడచెట్టు చెంతకు పోవుదురు. ఆ చెట్టుకు పూలమాల వేసి, హారతి యిచ్చి, శఠారి సమర్పింతురు.